పిల్ల పోతే చేతిని అనకండి

పొదగేసిన కోడిగుడ్లలోంచి వచ్చిన పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే పోతే ఏం చెయ్యాలో చెబుతూ నెల్లూరు, ప్రకాశం పల్లెల వాట్సాప్‌లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "చెయ్యి మంచిది కాకపోతే పిల్ల నిలవదు. పెంకు బీటలివ్వగానే వలిచెయ్యాలి. గంటలోపు బెల్లం నీళ్లు పట్టాలి. తోడు పోయిన పిల్ల దిగులుతో పోతుంది. చచ్చినదాన్ని తల్లి చూసేదాకా తియ్యకూడదు." ఇవీ అందులోని మాటలు.

చెయ్యి సంగతి. గుడ్లు పేర్చిన మనిషిని ఆడిపోసుకునే ముందు, పొదగెయ్యక ముందు ఆ గుడ్లు ఎక్కడున్నాయో అడగండి. మే నెలలో కందుకూరు, ఆత్మకూరు వైపు వంటింట్లో ఉంచిన గుడ్డులో ఆ వేడికే పిండం అరకొరగా ఎదగడం మొదలెట్టి నీరసపడుతుంది. కొన్ని గుడ్డులోనే పోతాయి, కొన్ని బయటికొచ్చాక. తడి ఇసుక మీద పెట్టిన మట్టి చట్టిలో, నీడపట్టున ఉంచి వారంలోపు పొదగెయ్యాలి. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి చూడండి, నెత్తుటి నరాలు సాలెగూడులా కనబడాలి. కనబడనివి తీసెయ్యండి. అవి మురిగి పగిలితే ఆ క్రిములు పుట్టే పిల్లల బొడ్డుకు ఎక్కుతాయి.

పెంకు వలవడం మాత్రం చేజేతులా చంపడమే. 21వ రోజుకు అటూ ఇటూగా ముక్కుతో చిన్న బొక్క పొడిచాక పిల్ల గంటల తరబడి ఊరుకుంటుంది. ఒక్కోసారి ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఆలోగా లోపలి పొరలోని నెత్తురు పిల్లలోకి చేరాలి, పచ్చసొన పొట్టలోకి పోవాలి. తొందరపడి వలిస్తే పొర చిట్లి నెత్తురు కారుతుంది, బొడ్డు మూసుకోదు. తర్వాత పొట్ట ఉబ్బి, బొడ్డు తడితడిగా నల్లబడి, వాసన కొట్టి పోతుంది. పైన పసుపు పూసి లాభం లేదు, జబ్బు లోపలి సొనలో ఉంది.

బెల్లం నీళ్లు విషమేం కాదు, పట్టడమే తప్పు. ముక్కు తెరిచి పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతాయి. పొట్టలోని సొన రెండు రోజులకు చాలు. గులకరాళ్లు వేసిన లోతులేని మూకుట్లో మంచినీళ్లు పెట్టి, ముక్కు కొస ఒకసారి తాకించండి. మిగతాది అదే నేర్చుకుంటుంది.

దిగులు మాటలో కొంత నిజముంది. ఒంటరిదైన పిల్ల ఆపకుండా అరుస్తుంది, మేత ముట్టదు. కానీ ప్రాణం తీసేది ఎక్కువగా చలి. ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చబడే పిల్లలవి. కార్తీకం ముసురులో ఒక్కదానికి ఆ వెచ్చదనం ఎక్కడిది? మొదటి వారం దాని దగ్గర 35 డిగ్రీలు ఉండాలి. అట్టపెట్టెలో రెండంగుళాల ఊక పోసి, అడుగు ఎత్తున పాతరకం 60 వాట్ల బల్బు కట్టండి. ఎల్‌ఈడీ వెలుగిస్తుందే గానీ వేడివ్వదు. పిల్ల బల్బు కిందే ముడుచుకుంటే కాస్త దించండి, మూలకు పోయి ముక్కు తెరిచి రొప్పుతుంటే ఎత్తండి. ఈడుపిల్ల దొరికితే తోడు వెయ్యండి. ఇంకో పిల్లలకోడి ఉంటే చీకటి పడ్డాక రెక్క కిందికి జార్చండి. పగలు వదిలితే పొడిచే అవకాశం ఎక్కువ.

చచ్చినదాన్ని వెంటనే తియ్యండి, ఈగలు ముసురుతాయి. రెండడుగుల గుంటలో సున్నం చల్లి పూడ్చండి, కాలవలో వెయ్యొద్దు. ఇంట్లో పిల్లలకు "కాకెత్తుకుపోయింది" అని బొంకకండి. చచ్చిపోయిందనే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. పూడ్చాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పెద్ద కోళ్లు కూడా వరసగా పడిపోతుంటే అది వేరే కథ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనే బర్డ్ ఫ్లూ బయటపడింది. కోళ్లు అలా పడిపోతున్నప్పుడు పూడ్చే పని మీరు పెట్టుకోకుండా, దేన్నీ ముట్టకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.