తొమ్మిది వేళ్ళు

మా బూట్లు ఇంకా ఆరలేదు. అవి ఆరేలోపు రాసేయాలి. ఆరితే కోపం కూడా ఆరిపోతుందేమోనని అనుమానం.

అక్టోబరు రెండో సోమవారం ఇక్కడ అమెరికాలో సెలవు. దాన్ని శని, ఆదివారాలకు కలుపుకుని, బోస్టన్ నుంచి మెయిన్ రాష్ట్రపు తీరం పట్టుకుని బార్ హార్బర్ దాకా కారులో వెళ్ళి, రంగు తిరిగిన ఆకులు చూసి రావాలని నలుగురం అనుకున్నాం. అనుకోవడం వరకే మా వంతు. తక్కినదంతా సంఘం చూసుకుంటుంది. సంఘమంటే మా మిత్రుడే. ఏ ప్రయాణానికైనా గంట గంటకూ ఒక గడి గీసి, అందులో ఏ ఊరు, ఏ కాఫీ, ఎవరు ఎప్పుడు బాత్రూముకు వెళ్ళాలి అన్నీ నింపి ముందురోజే అందరికీ పంపిస్తాడు. అందుకని ప్రణాళికా సంఘం అని పేరు పెట్టాం. ఢిల్లీలో అసలు ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి 2015లో నీతి ఆయోగ్ పెట్టారు. మా సంఘాన్ని ఎత్తేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు, కారు అతనిది.

అతని భార్యను వదిన అంటాం. నాలుగో మనిషి బావ. ఎవరికి బావో ఎవరికీ తెలియదు, కాలేజీ రోజుల్లో ఎవరో పిలిచారు, అలా స్థిరపడిపోయాడు.

దారి సంగతులు తొందరగా కానిస్తాను, సంఘం కూడా అలాగే కానిచ్చాడు. కెనెబంక్‌పోర్టులో కాలు కింద పెట్టేలోపే "పన్నెండు నిమిషాలు" అన్నాడు. పోర్ట్‌లాండ్ దగ్గరి దీపస్తంభం 1791 నుంచి ఉంది. మేము వెళ్ళేలోపు దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు పరుగెత్తించాడు. విస్కాసెట్‌లో లాబ్‌స్టర్ రోల్ కోసం మనుషులు బారులు తీరి, ఆ మనుషులు రోడ్డు దాటుతుంటే కార్లు బారులు తీరి, గడిలో లేని ఆలస్యం ఒకటి వచ్చి పడింది. దాన్ని కామ్డెన్‌లో మౌంట్ బాటీ కొండ మీద మినహాయించుకున్నాడు. పైనుంచి చూస్తే కింద రేవు, పడవలు, వాటి చుట్టూ ఎర్రగా మేపుల్ చెట్లు, పసుపుగా బర్చ్ చెట్లు, నడుమ మాకేమీ పట్టదన్నట్టు పైన్ చెట్లు. ఇంకాస్త బాగా వర్ణించేవాణ్ణి, ఈలోపు కింద హారన్ మోగింది.

కారులో బావ విజ్ఞానం పంచాడు. ఆకులో పసుపు వేసవిలోనూ ఉంటుందట, పత్రహరితం దాన్ని కప్పేస్తుందట, చలికి పత్రహరితం పోగానే అది బయటపడుతుందట. ఎరుపు మాత్రం అలా కాదు, అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుందట.

"అంటే పసుపు ఓర్చుకున్నది, ఎరుపు ఓర్చుకోలేనిది" అంది వదిన, భర్త వైపు చూస్తూ. అతను రోడ్డు వైపు చూస్తున్నాడు.

బార్ హార్బర్‌లో పొద్దున్నే సంఘం వాళ్ళ అమ్మగారు ఇండియా నుంచి ఫోన్ చేశారు. "ఇవాళ అష్టమిరా, కొత్త చోటికి బయలుదేరకండి" అన్నారు. "గడిలో అష్టమి లేదమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఇక్కడ కాడిలాక్ కొండ గురించి చెప్పాలి. ఎత్తు 1530 అడుగులు. అకేడియా జాతీయ పార్కులో ఉంటుంది. పైకి కారు వెళ్ళాలంటే, పార్కు ప్రవేశ రుసుము కాక, విడిగా ఆరు డాలర్ల చీటీ కొనాలి. ఆ చీటీల్లో ఎక్కువ భాగం రెండు రోజుల ముందు ఉదయం పది గంటలకు విడుదల చేస్తారు. తిరుమల ప్రత్యేక దర్శనం టికెట్లు వదిలినప్పుడు ఇంటిల్లిపాదీ తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చున్నట్టే కూర్చున్నాం. దొరికింది. కానీ దొరికింది కొండ కాదు, అరగంట. మూడింటి చీటీ అంటే మూడు నుంచి మూడున్నర లోపల కొండ దారి మొదట్లో ఉన్న గేటుకు చేరాలి. కొండ పుట్టి కోట్ల ఏళ్ళయింది, అది ఎక్కడికీ పోదు, దాని దగ్గరికి వెళ్ళేవాడికి మాత్రం అరగంట. ఈ పద్ధతి కనిపెట్టినవారు సంఘానికి దూరపు చుట్టమై ఉండాలి.

మూడింటి వరకు ఏం చేయాలి? గడిలో ఉంది: బార్ ఐలాండ్. ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న చిన్న దీవి. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఊరికీ దీవికీ మధ్య గులకరాళ్ళ దారి ఒకటి పైకి తేలుతుంది. టికెట్ లేదు, చీటీ లేదు, నడిచి వెళ్ళిపోవచ్చు. సంఘం గడిలో ఇలా రాశాడు: "ఆటు పన్నెండు గంటలకు. దారి మూడు గంటలు తెరిచి ఉంటుంది." దారి మొదట్లో హెచ్చరిక బోర్డు ఉంది. దాని ముందు నిలబడి నలుగురం ఫోటో దిగాం. ఆ ఫోటో ఇప్పుడు నా దగ్గర ఉంది. బావ తల సరిగ్గా వేళలు రాసిన చోట ఉంది.

పన్నెండింటికి నడిచాం. దీవి బాగుంది. వదిన తెచ్చిన పులిహోర ఇంకా బాగుంది. రెండుంపావుకు తిరిగి దీవి ఒడ్డుకు వచ్చాం. "చూశారా, నలభై అయిదు నిమిషాలు ముందున్నాం" అన్నాడు సంఘం, వెనక్కి తిరిగి మా ముఖాల్లో మెచ్చుకోలు వెతుక్కుంటూ. మేము అతని వెనక ఉన్నదాన్ని చూస్తున్నాం.

"దారేదీ?" అంది వదిన.

సంఘం ఫోన్ తీసి పటం చూశాడు. పటంలో దారి ఉంది. కళ్ళెదుట సముద్రం ఉంది. అతను పటాన్నే నమ్మాడు. "ఇంకా నలభై అయిదు నిమిషాలుంది" అని మళ్ళీ అన్నాడు. ఈసారి మాతో కాదు, నీటితో.

ఊరి వైపు ఇంకా మునగని రాళ్ళ మీద జనం నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఏదో అరిచాడు. గాలికి ఒక్క ముక్క వినపడలేదు. అప్పుడాయన రెండు చేతులూ పైకెత్తాడు. బావ ఫోన్ కెమెరాతో జూమ్ చేసి లెక్కపెట్టాడు. కుడి చేతివి అయిదు, ఎడమ చేతివి నాలుగు. మొత్తం తొమ్మిది వేళ్ళు.

తొమ్మిది ఏమిటి?

"తొమ్మిది నిమిషాలు" అన్నాడు సంఘం వెంటనే. "తొమ్మిది నిమిషాల్లో నీళ్ళు తగ్గిపోతాయంటున్నాడు. స్థానికుడు, తెలిసినవాడు."

"తొమ్మిది అడుగుల లోతు అంటున్నాడేమో" అంది వదిన.

అంత లోతు లేదు, మునిగిన రాళ్ళు కనపడుతూనే ఉన్నాయి. బావ ఇంకా దూరం, ఇక్కడ ఆపదలో పిలిచే నంబరు దాకా ఆలోచించాడు. "911కి ఫోన్ చేయమంటున్నాడు. తొమ్మిది చూపించాక ఒకటీ ఒకటీ కూడా చూపించే ఉంటాడు, మనం సరిగ్గా చూడలేదు." దాంతో మరోసారి జూమ్ చేశాం. ఒకట్లు లేవు. తొమ్మిదే ఉంది, నిశ్చలంగా.

నేనూ ఒక ప్రతిపాదన చేశాను. పాపం, ఆయనకు ఉన్నవే తొమ్మిది వేళ్ళేమో, ఊరికే రెండు చేతులూ ఎత్తి పలకరిస్తున్నాడేమో అన్నాను. సభ దీన్ని చర్చ లేకుండా తోసిపుచ్చింది. ఇది మాత్రం అన్యాయం. తక్కిన మూడు ప్రతిపాదనలూ నా దానికంటే తెలివైనవేమీ కావు.

అనుమానం తీర్చుకుందామని బావ కూడా రెండు చేతులెత్తి తొమ్మిది చూపించాడు. ముసలాయన ఎంతో సంతోషంగా తల ఊపాడు. ఆయన పక్కనున్న ఆవిడ కూడా తొమ్మిది చూపించింది. కుక్కను పట్టుకున్న అబ్బాయి ఒక చేత్తో అయిదు చూపించి, కుక్క తాడు నోట కరచుకుని, రెండో చేత్తో నాలుగు చూపించాడు. ఇటు మేము నలుగురం, అటు సగం ఊరు, మధ్యలో అట్లాంటిక్, అందరి చేతులూ పైకి, అందరివీ తొమ్మిదేసి వేళ్ళు. ఎవరైనా విమానంలోంచి చూసి ఉంటే ఏదో మతం పుట్టిందనుకునేవారు.

ఇంతమంది చెబుతున్నారు కాబట్టి సంఘం ఫోనులో తొమ్మిది నిమిషాలకు అలారం పెట్టాడు. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. గడికి అలవాటు పడ్డ మనిషికి అలారం కూడా ఒక గడే.

అలారం మోగింది. సముద్రం లేచింది.

మేము వచ్చినప్పుడు మోకాలి కిందికి ఉన్నది, ఇప్పుడు మోకాలు దాటింది. "ఇదేం చలి, నేను గోదావరి పుష్కరాల్లో మునిగినవాణ్ణి" అని బావ బూట్లతో సహా దిగాడు. ఆ నెలలో ఆ నీటి వేడి పన్నెండు, పదమూడు డిగ్రీలు ఉంటే గొప్ప. గోదావరి గురించి అతను మళ్ళీ మాట్లాడలేదు, అసలు కాసేపు దేని గురించీ మాట్లాడలేకపోయాడు. అతన్ని లాగడానికి నేను వెళ్ళాను. సముద్రపు నాచు మీద కాలు పడింది. నడుము దాకా కూర్చున్నాను. కూర్చున్నాను అనే అంటాను. అవతలి ఒడ్డున అప్పటివరకు తొమ్మిది చూపిస్తున్న చేతులన్నీ దిగి ఫోన్లు పట్టుకున్నాయి.

అప్పుడు వదిన తన ఫోనులో ఆటుపోట్ల పట్టిక తెరిచి గట్టిగా చదివింది. దారి తేలి ఉండేది ఆటుకు గంటన్నర ముందు, గంటన్నర తర్వాత. అంటే పదిన్నర నుంచి ఒంటిగంటన్నర వరకు. మళ్ళీ ఆటు అర్ధరాత్రి దాటాక, దారి తేలేది రాత్రి పదకొండుకు. తొమ్మిది గంటలు.

"కలిపితే మూడు గంటలే కదా" అన్నాడు సంఘం.

"పెళ్ళికి పదేళ్ళ ముందు, పెళ్ళయ్యాక పదేళ్ళు. కలిపి ఇరవయ్యేళ్ళ కాపురం అని చెప్పుకుంటారా?" అంది వదిన.

దీనికి గడిలో జవాబు లేదు.

మరొక సంగతి. అష్టమి రోజుల్లో పోటు తక్కువగానే ఉంటుంది, అమావాస్యకూ పౌర్ణమికీ ఎక్కువ. అంటే అమ్మగారి అష్టమి మాకు మేలే చేసింది. ఈ మాట బావ పళ్ళు కొట్టుకుంటూ చెప్పాడు కాబట్టి మేలు చేసినట్టు ఎవరికీ అనిపించలేదు.

మూడయింది. ఊరి వెనక కాడిలాక్ కొండ నడుము దాకా ఎర్రగా, మా ఎదురుగానే ఉంది. మూడున్నర అయింది. ఆ అరగంట ఎంత నిశ్శబ్దంగా పోయిందో చెప్పలేను. ఈ మధ్యలో సంఘం ఒకే ఒక్కసారి ఉత్సాహంగా మాట్లాడాడు. ఊళ్ళో కారు నిలిపిన మీటరు గడువు అయిపోవస్తుంటే ఫోనులోంచే పొడిగించాడట. "ఇక దాని గురించి బెంగలేదు" అన్నాడు. సముద్రానికి కూడా అలాంటి యాప్ ఉందేమో చూడమంది వదిన.

చివరికి ఒక పడవాయన వచ్చాడు. ఎవరు పిలిచారో తెలియదు, ఎర్ర టోపీ ఆయనే అయి ఉంటాడు. మేము మొదటివాళ్ళం కాదని, ఆఖరివాళ్ళం కూడా కాబోమని పడవాయన మర్యాదగా చెప్పి, మనిషికి ఎంతో చెప్పాడు. సంఘం బేరమాడబోయాడు. పడవాయన ఏమీ అనలేదు, ఒకసారి నీళ్ళ వైపు, ఒకసారి నా తడిసిన ప్యాంటు వైపు చూశాడు. ఎక్కేశాం. ఒడ్డున దిగుతుంటే ముసలాయన దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "తొమ్మిది గంటలు" అన్నాడు, ఎంతో జాలిగా. ఆయన వేళ్ళు లెక్కపెట్టాను. పది ఉన్నాయి.

బసకు చేరి తడి సాక్సులు పిండుతుండగా ఫోన్ మోగింది. ఖర్చులు పంచే యాప్‌లో సంఘం కొత్త పద్దు రాశాడు: "సాయంకాల నౌకావిహారం, నలుగురికీ సమానంగా." దాని కింద మీటరు పొడిగింపు ఖర్చు, అదీ నాలుగో వంతు. దాని కింద కాడిలాక్ చీటీ ఆరు డాలర్లలో నా భాగం, ఒక డాలరు యాభై సెంట్లు. బాకీ తీర్చమని నిన్నటి నుంచి గుర్తు చేస్తూనే ఉంది.