కౌన్సెలర్లు ఆకాశం నుంచి ఊడిపడరు

విజయవాడ, గుంటూరుల్లో సైకాలజీ పుస్తకం ఎవరి చేతిలో కనిపిస్తుంది? టెట్‌కో డీఎస్సీకో ప్రిపేరవుతున్న అభ్యర్థి చేతిలో. పావ్‌లోవ్ కుక్క, పియాజే దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాసం, అన్నీ బిట్లే. మనసు గురించిన శాస్త్రాన్ని టీచర్ పోస్టుకు మార్కులు తెచ్చే పేపరుగా మార్చేశాం. దాని అవసరం నిజంగా ఉన్న పదహారేళ్ల పిల్లలకేమో ఎంపీసీ, బైపీసీ తప్ప మరో దారి చూపించం.

విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో పాఠకులకు తెలిసిందే. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, శిక్షణ పొందిన సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. బెంజిసర్కిల్ నుంచి పోరంకి దాకా, అటు గుంటూరులో బ్రాడీపేట దాకా ఎన్ని కాలేజీలు, ఎన్ని హాస్టళ్లు! ఇంతమందిని ఎక్కడి నుంచి తెస్తాం? ఇంటర్‌లోనే పిల్లలతో సైకాలజీ చదివిస్తేనే.

సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు సైకాలజీ ఎప్పటి నుంచో ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో జీవితంలో ఎదురయ్యే ఒత్తిళ్ల మీద ఒక పాఠం, మానసిక రుగ్మతల మీద ఒకటి, చికిత్సల మీద ఒకటి ఉన్నాయి. వీకెండ్ టెస్టులో ర్యాంకు పడిపోయిన రాత్రి పిల్లవాడికి పనికొచ్చే పాఠాలవి.

‘అది చదివితే ఉద్యోగమెక్కడ?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే గుర్తింపు ఉన్న శిక్షణ పూర్తిచేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి, ఏళ్లు పడుతుంది. దూరవిద్యలో కానిచ్చేద్దామంటే యూజీసీ 2025లో ఆ దారి మూసేసింది. కానీ నీట్ లాంగ్‌టర్మ్ అంటూ రెండేసి, మూడేసి ఏళ్లు ఓపిక పట్టే ఇళ్లకు ఇదొక లెక్కా?

నన్ను అంతకంటే ఎక్కువగా బాధపెట్టేది భాష. హాస్టల్ పిల్లవాణ్ని ఏమైందిరా అని అడగండి, ‘టెన్షన్‌గా ఉంది’ అంటాడు. దిగులైనా టెన్షనే, భయమైనా టెన్షనే, నలుగురిలో తలవంపులైనా టెన్షనే. మన అమ్మమ్మలకు బెంగ వేరు, గుబులు వేరు, బెరుకు వేరు. ఇల్లు విడిచి వెళ్లిన పిల్లవాడు అన్నం మానేస్తే ‘బెంగ పెట్టుకున్నాడు’ అని ఇట్టే పోల్చేవారు. సైకాలజీ పాఠం తెలుగులో, ఈ మాటలతోనే మొదలుకావాలి. వచ్చే విద్యాసంవత్సరం ఈ రెండు నగరాల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సైకాలజీకి ఒక్కో సెక్షన్‌ అయినా తెరవాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద రాసిపెడితే సరిపోదు. ఫోన్ కలిశాక, ‘టెన్షన్’ అన్న ఒక్క మాటతో ఆ పిల్లవాడు ఏమని చెప్పుకుంటాడు?