పాట రాసినవాడికేం తెలుసు?

రాక్ పాటల అధ్యయనానికి ఈ అరవై ఏళ్లలో జరిగిన నష్టమంతా ఒకే ఒక్క వర్గం వల్ల జరిగింది. వాళ్లు ఆ పాటలు రాసినవాళ్లు. అభిమాని నిద్ర మానుకుని, హెడ్‌ఫోన్ చెవులకు అతికించుకుని, విన్న చరణమే మళ్లీ మళ్లీ విని, అందులోంచి ఒక యుద్ధాన్నో, ఒక క్షుద్రపూజనో, అధమపక్షం ఒక హత్యనో బయటికి లాగుతాడు. సరిగ్గా అప్పుడే ఆ రాసిన పెద్దమనిషి ఏదో ఇంటర్వ్యూలో కాలు మీద కాలేసుకుని, "అబ్బే, అందులో ఏం లేదండీ, ఏదో అలా వచ్చేసింది" అంటాడు. ఇంత బాధ్యతారాహిత్యం ఇంకే రంగంలోనైనా సహిస్తారా?

ఫిల్ కాలిన్స్ సంగతే చూడండి. 1981లో వచ్చిన ఆయన పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్'కు అభిమానులు అద్భుతమైన కథ కట్టారు. ఒకడు నీళ్లలో మునిగిపోతున్నాడు. పక్కనే ఉన్నవాడు చెయ్యందించకుండా చూస్తూ నిలబడ్డాడు. దూరం నుంచి అంతా గమనించిన కాలిన్స్, ఏళ్ల తర్వాత ఆ దుర్మార్గుడికి కచేరీ టికెట్ పంపించి, ముందు వరసలో కూర్చోబెట్టి, మొహం మీద లైటు వేయించి మరీ ఈ పాట పాడాడు. నేరం, సాక్షి, శిక్ష అన్నీ అమరిన కథ. మరి కాలిన్స్ చెప్పేది? విడాకుల బాధలో ఉన్నప్పుడు మైకు ముందు నోటికొచ్చింది పాడేశాడట. అది దేని గురించో ఆయనకే సరిగ్గా తెలియదట. తెలియనప్పుడు తెలిసినవాళ్లు చెప్పింది వినాలి కదా!

ఇలాంటి అడ్డంకుల్లో అందరికన్నా పెద్దది బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్. 1967లో, ఆయన చదువుకున్న లివర్‌పూల్ బడి నుంచి ఒక విద్యార్థి ఉత్తరం రాశాడు. క్లాసులో టీచరు బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నాడని అందులోని సంగతి. బతికుండగానే పాఠ్యాంశమైపోవడం ఎంత గౌరవం! లెనన్ ఆ గౌరవాన్ని ఎలా నిలబెట్టుకున్నాడు? చిన్నప్పుడు పిల్లలు పాడుకున్న చీదర పాటలోంచి కొన్ని ముక్కలు, అర్థం లేని చప్పుళ్లు కొన్ని, లూయిస్ కరోల్ పద్యంలోంచి ఒక వాల్రస్, అన్నీ కలిపి 'ఐ యామ్ ది వాల్రస్' తయారుచేశాడు. దీన్ని తేల్చుకోమనండి చూద్దాం అంటూ బూతు కూడా కలిపి నవ్వుకున్నాడని ఆయన చిన్ననాటి నేస్తం పీట్ షాటన్ చెప్పాడు. మనవాళ్లు ఆ బూతును సవాలుగా స్వీకరించారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు తేల్చుకుంటూనే ఉన్నారు.

అంతటితో ఊరుకున్నాడా? మరుసటి ఏడాది 'గ్లాస్ ఆనియన్' అనే పాటలో, ఆ వాల్రస్ నేను కాదు, మా బృందంలోని పాల్ అని ఇంకో పుల్ల వేశాడు. చివరికి 1980లో, అసలు కరోల్ పద్యంలో వాల్రస్ దుష్టపాత్ర అని తనకు ఆలస్యంగా తెలిసిందనీ, వడ్రంగి పాత్ర ఎంచుకుని ఉండాల్సిందనీ ఒప్పుకున్నాడు. తన పాటలో తాను మంచివాడో చెడ్డవాడో కూడా ముందు చూసుకోని మనిషి మాట మీద ఆధారపడి పరిశోధన చేయమంటారా?

ఆ పుల్ల మాత్రం వృథా పోలేదు. 1969 అక్టోబరు 12న ఒకతను డెట్రాయిట్‌లోని డబ్ల్యూకేఎన్ఆర్ రేడియోకు ఫోన్ చేశాడు. పాల్ మెకార్ట్‌నీ ఎప్పుడో చచ్చిపోయాడని, ఇప్పుడు తిరుగుతున్నవాడు డూప్ అని, నమ్మకపోతే రికార్డు వెనక్కి తిప్పి చూడమని సలహా ఇచ్చాడు. డీజే రస్ గిబ్ తిప్పాడు. ఆ తర్వాత దేశమంతా తిప్పింది. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన బీటిల్స్ ఆల్బమ్ 'అబీ రోడ్' అట్ట మీద నలుగురూ రోడ్డు దాటుతుంటారు. అమాయకులకు అది రోడ్డు దాటడంలాగే కనిపిస్తుంది. జ్ఞానులకు అది శవయాత్ర. తెల్ల సూటు లెనన్ మతగురువు, నల్ల సూటు రింగో అంత్యక్రియలు చేయించేవాడు, జీన్స్ వేసుకున్న జార్జ్ గొయ్యి తవ్వేవాడు, చెప్పులు లేని పాల్ పోయినవాడు. పక్కన నిలిపిన ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరులో 28, ఆ వెనకే ఐఎఫ్ అనే అక్షరాలు, కలిపి చదివితే 'ఇఫ్'. అంటే, బతికుంటే ఈపాటికి 28 ఏళ్లు!

చిన్న చిక్కు వచ్చింది. అప్పటికి పాల్ వయసు 27. సామాన్యుడైతే అక్కడితో కారు వదిలేసేవాడు. పరిశోధకులు వదల్లేదు. తల్లి కడుపులో ఉన్న నెలలు కూడా కలుపుకుంటే సరిపోతుందని సర్దారు. వాస్తవం మొండికేసినప్పుడు లెక్కను సముదాయించడం అందరికీ వచ్చే విద్య కాదు.

అదే వారంలో మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థి పత్రికలో ఒక కుర్రాడు 'అబీ రోడ్' మీద సమీక్ష రాస్తూ, కొన్ని ఆధారాలను తనే సరదాగా పుట్టించి, డూప్‌కు ఒక పేరు కూడా పెట్టాడు. అవి కూడా మిగిలిన ఆధారాలతో సమానంగా దేశమంతా తిరిగాయి. విషయం ముదిరి, టీవీలో ఉత్తుత్తి కోర్టు విచారణ పెట్టారు. ప్రసిద్ధ క్రిమినల్ లాయర్ ఎఫ్. లీ బెయిలీ ప్రశ్నలు వేసేవాడు, మన కుర్రాడు సాక్షి. షూటింగ్‌కు ముందు కుర్రాడు నిజాయితీగా, అదంతా నేను కల్పించిందేనండీ అని చెప్పేశాడు. బెయిలీ ఒక నిట్టూర్పు విడిచి, మనం గంటసేపు టీవీ నింపాలి, నువ్వు సర్దుకుపోవాల్సిందే అన్నాడట. పాటల వ్యాఖ్యానశాస్త్రం మీద వచ్చిన సిద్ధాంతాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పాల్ ఊరుకుంటే బాగుండేది. కానీ 'లైఫ్' పత్రిక వాళ్లు స్కాట్లాండ్‌లోని ఆయన ఇంటిదాకా వెళ్లి, 1969 నవంబరు 7 సంచికలో కుటుంబంతో సహా ఫొటో వేసి, మనిషి బతికే ఉన్నాడని ప్రకటించారు. ఆ కాగితానికి రెండోవైపు ఒక కారు ప్రకటన ఉంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ కారు పాల్ మీదికి వచ్చినట్టు కనిపిస్తుంది. కథ ప్రకారం పాల్ పోయిందే కారు ప్రమాదంలో. ఇంకేం కావాలి?

అభిమానులంటే పనీపాటా లేనివాళ్లని, కందకు లేని దురద కత్తిపీటకెందుకని కొందరు వెక్కిరిస్తారు. వాళ్లకు కంద గురించి తెలియదు. దాని దురద కందకు ఎప్పుడూ తెలియదు, కోసినవాడికే తెలుస్తుంది. పైగా ఈ పని కుర్రకారుకే పరిమితం కాలేదు. అమెరికా ప్రభుత్వమే ఒకసారి పూనుకుంది.

1963లో కింగ్స్‌మెన్ అనే బృందం 'లూయీ లూయీ' పాడింది. రిచర్డ్ బెరీ రాసిన అసలు పాటలో ఒక నావికుడు తన పిల్ల కోసం బెంగపెట్టుకుంటాడు, అంతే. కింగ్స్‌మెన్ గాయకుడు జాక్ ఈలీ పళ్లకు క్లిప్పులు పెట్టుకుని, ఎత్తున వేలాడుతున్న మైకు కేసి మెడ సాచి అరవడంతో ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి అది బూతే అయ్యుంటుందని జనం తీర్మానించారు. ఒక పిల్లవాడి తల్లో తండ్రో అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీకి ఫిర్యాదు రాశారు. ఎఫ్‌బీఐ రంగంలోకి దిగింది. రెండేళ్లకు పైగా, రికార్డును వేగంగా తిప్పి, మెల్లగా తిప్పి, ప్రయోగశాలలో విని, ఏ వేగంతో విన్నా ఇది అర్థం కాదని తేల్చింది.

రాక్ పాటల వ్యాఖ్యానంలో ఇప్పటివరకు వెలువడిన నిజాయితీ గల తీర్పు ఇదొక్కటే. పద్ధతి కూడా ఆదర్శప్రాయం. అంత దర్యాప్తులోనూ పాడిన జాక్ ఈలీని మాత్రం పిలిచి అడగలేదు. అడిగితే చెప్పేస్తాడన్న ప్రమాదం వాళ్లకు తెలుసు. ఇంకో విశేషం: పాట మొదలై నిమిషం కాకముందే డ్రమ్మర్ చేతిలో పుల్ల తడబడి, నిజంగానే ఒక బూతు అరిచాడంటారు. ఉన్న బూతు వినకుండా లేని బూతు కోసం రెండేళ్లు వెతకడం ఏకాగ్రతకు పరాకాష్ఠ.

'హోటల్ కాలిఫోర్నియా' గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నన్ను బతకనివ్వరు. 1976 చివర్లో ఈగల్స్ బృందం విడుదల చేసిన ఆ హోటల్‌ను అభిమానులు ఇప్పటికే పిచ్చాసుపత్రిగా, మత్తుమందుల అడ్డాగా, నరమాంసభక్షకుల విడిదిగా, సాతాను గుడిగా మార్చారు. ఆల్బమ్ లోపలి ఫొటోలో బాల్కనీలో మసకగా ఒక ఆకారం కనిపిస్తుంది. అది చర్చ్ ఆఫ్ సేటన్ పెట్టిన ఆంటన్ లవే అని కొందరు గుర్తుపట్టారు. మసకగా ఉంటేనే గుర్తుపట్టడం సులువు. పాట రాసినవాళ్లలో ఒకడైన డాన్ హెన్లీ మాత్రం అమాయకత్వం నుంచి అనుభవానికి చేసే ప్రయాణం గురించి రాశామని చప్పగా చెబుతాడు. సాతాను ఎక్కడ, అనుభవం ఎక్కడ!

2009లో ఒక విలేకరి ఆయన్ను ఇంకా లోతుగా పట్టుకున్నాడు. వైన్ పులియబెట్టేది కదా, బట్టీ పెట్టేది కాదు కదా, దాన్ని పాటలో స్పిరిట్, అంటే బట్టీ పెట్టిన మద్యం, అని ఎలా రాశారు, ఆ పాదం రాసినందుకు విచారిస్తున్నారా అని అడిగాడు. హెన్లీకి కోపం వచ్చింది. మద్యం ఎలా తయారవుతుందో తెలిసేంత తాగాను, ఆ పాదం మద్యం గురించి కాదు, సమాజం గురించి అని విసురుగా జవాబిచ్చాడు. గెలుపు మాత్రం విలేకరిదే. ముప్ఫై ఏళ్లు దాటాక కూడా ఒక కవి చేత రసాయనశాస్త్రం మాట్లాడించగలిగాడు.

అందరు రచయితలూ ఇంత మొరటువాళ్లు కాదు. డాన్ మెక్లీన్‌ను ఆయన పాట 'అమెరికన్ పై'కి అర్థమేమిటని అడిగితే, ఇక నాకు పని చేయాల్సిన అవసరం లేదని అర్థం అన్నాడు. ఆ పాటకు ఆయన చేతిరాత ప్రతి 2015లో 12 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కార్లీ సైమన్ ఇంకా తెలివైనది. తన పాటలో తిట్టిన గర్విష్ఠి ఎవరన్న రహస్యాన్ని 2003లో ఒక ధర్మకార్యం కోసం వేలం వేస్తే, టీవీ అధికారి డిక్ ఎబర్సాల్ 50,000 డాలర్లకు పాడుకున్నాడు. షరతు ఏమిటంటే, విన్నది ఎవరికీ చెప్పకూడదు. అర్థానికి గిరాకీ ఉండాలంటే దాన్ని ఎలా దాచాలో తెలిసిన మనుషులు వీళ్లు.

గాయకుడు డేవిడ్ బోవీ తాను రాసిన కాగితాలను కత్తెరతో ముక్కలు చేసి, కలగలిపి, వచ్చిన వరసలో పాట కట్టేవాడు. ఆ ముక్కల మధ్య తాత్విక సంబంధాన్ని వివరించేవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కత్తెరకు కూడా అంతరాత్మ ఉంటుందని నిరూపించారు. ఎ.జె. వెబర్‌మన్ అనే ఆయన పాటలు చాలక, న్యూయార్క్‌లో బాబ్ డిలన్ ఇంటి చెత్తబుట్ట వెతికి అర్థాలు తీశాడు. చాలామంది ఆయన్ను ఎగతాళి చేస్తారు కానీ, చెత్త చేతికి అంటుకున్నప్పుడైనా దాన్ని చెత్త అని ఒప్పుకున్న పరిశోధకుడు ఆయనొక్కడే.

కాబట్టి నా ప్రతిపాదన సులువైనది. పాట విడుదలైన రోజు నుంచి, రాసినవాడు దాని గురించి నోరు విప్పకూడదు. తప్పనిసరైతే నవ్వి ఊరుకోవచ్చు. ఆ నవ్వుకు అర్థం మేం చెబుతాం. అనుమానాలుంటే చట్టసభకు వెళ్దాం, దానికీ దారి ఉంది. 1982లో కాలిఫోర్నియా శాసనసభ కమిటీ ఒకటి కొలువుతీరి లెడ్ జెప్లిన్ బృందం పాట 'స్టెయిర్‌వే టు హెవెన్'ను వెనక్కి తిప్పించుకుని, సాతాను మాటలు వినిపిస్తాయేమోనని ఆలకించింది. అది వినియోగదారుల రక్షణ, విషపదార్థాల కమిటీ. లెడ్ జెప్లిన్ రికార్డు కంపెనీ మాత్రం, మా యంత్రాలు ముందుకే తిరుగుతాయని క్లుప్తంగా జవాబిచ్చి చర్చకు ద్రోహం చేసింది.

ఈ విషయంలో పింక్ ఫ్లాయిడ్ ఒక్కటే అభిమానుల కష్టాన్ని గుర్తించింది. 1979 నాటి 'ది వాల్' ఆల్బమ్‌లో 'ఎంప్టీ స్పేసెస్' పాటను వెనక్కి తిప్పితే నిజంగానే స్పష్టమైన మాటలు వినిపిస్తాయి. అభినందనలు, మీరు రహస్య సందేశాన్ని కనిపెట్టారు, మీ జవాబును ఓల్డ్ పింక్, ఫన్నీ ఫార్మ్, చాల్‌ఫంట్ అనే చిరునామాకు పంపండి అని. ఇంతలో ఇంకో గొంతు అడ్డొచ్చి, రోజర్, నీకు ఫోన్ వచ్చిందంటుంది. దాచిన సందేశం ఏమిటంటే ఇది దాచిన సందేశం అని. ఇక ఇందులో వెతకడానికేమీ లేదని బృందం అనుకుని ఉంటుంది. ఓల్డ్ పింక్ ఎవరన్న దాని మీద మనవాళ్లు నాలుగు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. ఫోన్ ఎందుకు వచ్చిందన్నది వేరే ఉపశాఖ. నాకైతే అసలు అనుమానం ఆ చిరునామా మీదే ఉంది. అందులో పోస్ట్‌కోడ్ లేదు. మర్చిపోయారంటే నేను నమ్మను.