గోడకు తగిలిన రెండు బంతులు

అమెరికా బేస్‌బాల్‌లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు కుర్రాడు జారెడ్ కెలెనిక్ 2025 ఏప్రిల్ 19న మిన్నెసోటా ట్విన్స్ మీద ఆడుతూ బంతిని బలంగా కొట్టాడు. కొట్టి, అది వెళ్లి ప్రేక్షకుల్లో పడుతుందనుకుని, పరుగుకి పెద్దగా తొందరపడలేదు. బంతి గోడకు తగిలి లోపలే పడింది. అప్పుడు కాళ్లకు పని చెప్పాడు గానీ ఏం లాభం, సెకండ్ బేస్ దగ్గర అవుట్. బేస్ అంటే పరుగు పూర్తి కావడానికి వరసగా తాకాల్సిన నాలుగు మజిలీల్లో ఒకటి. మ్యాచ్ అయ్యాక విలేకరులు మేనేజర్, అంటే మన కోచ్ లాంటి పెద్ద, బ్రయన్ స్నిట్కర్‌ని అడిగారు, ఆ కుర్రాడితో ఈ సంగతి మాట్లాడారా అని. ‘మాట్లాడాలా ఏమిటి?’ అన్నాడాయన.

గాయం నుంచి కోలుకుంటూ ఆటకు దూరంగా ఉన్న అదే జట్టు స్టార్ రొనాల్డ్ అకున్యా జూనియర్‌కి ఇది చూసి కడుపు మండింది. అదే నేనైతే మ్యాచ్‌లోంచి తీసేసేవాళ్లు అని ఎక్స్‌లో ఒక్క ముక్క రాశాడు, తర్వాత చెరిపేశాడు. చెరిపితే పోతుందా, అప్పటికే ఊరంతా చదివేసింది.

అతని బాధ ఊరికే పుట్టింది కాదు. 2019 ఆగస్టు 18న సరిగ్గా ఇలాంటి తప్పే అకున్యా చేశాడు. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ మీద కొట్టిన బంతి గోడ దాటిపోయే హోమ్ రనే అనుకుని చూస్తూ నిలబడ్డాడు, అది గోడకు తగిలింది, రెండు బేస్‌లు దక్కాల్సిన చోట ఒక్కటే దక్కింది. స్నిట్కర్ అతన్ని మ్యాచ్ మధ్యలోనే బెంచ్ మీద కూర్చోబెట్టాడు. మిగతా వాళ్లందరికీ నువ్వు బాకీ, చొక్కా ముందున్న పేరు వెనకున్న పేరుకన్నా పెద్దది అన్న అర్థంలో విలేకరుల ముందే చెప్పాడు. ముందుండేది జట్టు పేరు, వెనక ఆటగాడి పేరు. అకున్యా తప్పు ఒప్పుకున్నాడు. అప్పుడతనికి 21 ఏళ్లు.

మన ఇళ్లలో ఈ సంగతికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. తప్పు ఒకటే, కొట్టినవాళ్లని బట్టి కుండ ఖరీదు మారిపోతుంది.

బేస్‌బాల్ చూడనివాళ్లకు ఇందులో ఇంత గొడవేముందో అర్థం కాకపోవచ్చు. క్రికెట్‌లో బంతి కొట్టాక పరుగు తీయాలా వద్దా అన్నది బ్యాటర్ ఇష్టం, బంతి ఫీల్డర్ చేతికి పోతే నిమ్మళంగా క్రీజులో నిలబడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. బంతి హద్దుల్లోపల పడిందా, బ్యాట్ పారేసి ఫస్ట్ బేస్‌కి పరిగెత్తి తీరాలి. దూరం 90 అడుగులు, అంటే 27 మీటర్ల పైచిలుకు, మామూలు ఆటగాడికి నాలుగున్నర సెకన్ల లోపు పని. బంతి నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోతే చాలాసార్లు బ్యాటర్ ఎంత పరిగెత్తినా అవుటే. ఎప్పుడో ఒకసారి ఫీల్డర్ చేతిలోంచి బంతి జారుతుంది, విసురు గురి తప్పుతుంది. ఆ ఒక్కసారి కోసం ప్రతిసారీ పరిగెత్తాలా అన్నదే నూరేళ్లుగా నలుగుతున్న పంచాయితీ.

మా సంగతి చెప్పాలంటే, ప్రతి దానికీ ప్రాణం పెట్టి పరిగెత్తమని మేం అనం. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, వారంలో దాదాపు రోజూ ఆట, రాత్రి విమానం, పొద్దున ఇంకో ఊరు. తొడ కండరం పట్టేసిన ఆటగాడు ఖాయంగా అవుటయ్యే బంతికి కాస్త నెమ్మదిస్తే అది వళ్లు బరువు కాదు, అక్టోబరు దాకా నిలబడాలన్న లెక్క. అకున్యాకే రెండు మోకాళ్లూ పోయాయి, 2021లో ఒకటి, 2024లో రెండోది. అయితే కెలెనిక్ 2025లో చేసిందీ అకున్యా 2019లో చేసిందీ ఈ కోవలోకి రావు. అవి కాళ్లు దాచుకున్నవి కావు, కొట్టిన దెబ్బను తామే చూసుకుని మురిసిపోయినవి. ఆ మురిపెం ఖరీదు జట్టు కట్టింది. అకున్యా 2019లోనే అక్టోబరు 3న, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో మళ్లీ అదే చేశాడు, మళ్లీ గోడే, మళ్లీ ఒక్క బేసే. చివర్లో హోమ్ రన్ కూడా కొట్టాడు పాపం, అయినా బ్రేవ్స్ 7-6తో ఓడారు. ఒక్క పరుగు తేడా. ఫ్రెడ్డీ ఫ్రీమన్ లాంటి సీనియర్లు ఆ రాత్రి తమ చిరాకు దాచుకోలేదు.

కాబట్టి 2019లో స్నిట్కర్ చేసింది ముమ్మాటికీ రైటే. 2025లో ఆ ఎదురుప్రశ్న వెయ్యడమే తప్పు. అది ఆ ఒక్క రోజుతో పోయే తప్పు కాదు, ఆరేళ్ల కిందటి మంచి పనిని కూడా వెనక్కి వెళ్లి పాడు చేస్తుంది. నన్ను సరిదిద్దారు అనుకున్నవాడు, ఓహో, నా మీదే పడ్డారన్నమాట అనుకోవడం మొదలుపెడతాడు.

పైగా అకున్యా వెనెజులావాడు, కెలెనిక్ విస్కాన్సిన్‌వాడు. స్నిట్కర్ మనసులో అలాంటి తేడా ఉందని మేం అనడం లేదు, అనడానికి ఆధారమూ లేదు. కానీ లాటిన్ అమెరికా ఆటగాడు నెమ్మదిస్తే బద్ధకం, అమెరికా కుర్రాడు నెమ్మదిస్తే పొరపాటు అనే అలవాటు ఆ ఆటలో పాతదే. ప్యూర్టో రికో నుంచి వచ్చి పిట్స్‌బర్గ్‌లో ఆడిన రొబెర్టో క్లెమెంటే అంతటివాడు నడుం నొప్పి అంటే, లేని రోగం తెచ్చిపెట్టుకుంటున్నాడని అక్కడి పత్రికలు రాశాయి, అతని ఇంగ్లిష్ యాసను అక్షరం అక్షరం ఎగతాళిగా అచ్చేశాయి. ఇవాళ మేజర్ లీగ్‌లో నాలుగోవంతుకు పైగా ఆటగాళ్లు అమెరికా బయట పుట్టినవాళ్లే. ఆ క్లబ్‌హౌస్‌లో మేనేజర్ ఒకరిని కూర్చోబెట్టి ఇంకొకరిని వదిలేస్తే ఎవరు ఏమనుకుంటారో ఆయనకు తెలియాలి.

క్లబ్‌హౌస్ అంటే మనం డ్రెస్సింగ్ రూమ్ అంటామే, అదే. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఆటగాళ్లకు ఇల్లుకన్నా ఎక్కువది. అక్కడి తగువులు అక్కడే తీర్చుకోవాలని, బయటికి పొక్కకూడదని పాత కట్టుబాటు. తప్పు చేసినవాణ్ని మేనేజర్ కన్నా ముందు తోటివాళ్లే నిలదీయాలని ఇంకో కట్టుబాటు. ఈ రెండోది వినడానికి బావుంటుంది. నిలదీసేవాడు ఎవరన్నదాంట్లోనే ఉంది తిరకాసంతా.

2015 సెప్టెంబరు 27, వాషింగ్టన్. ముందు రోజే అక్కడి జట్టు నేషనల్స్ ప్లేఆఫ్స్ ఆశలు గల్లంతయ్యాయి. ఫిలడెల్ఫియా మీద మ్యాచ్, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదోది, స్కోరు 4-4. నేషనల్స్ ఆటగాడు బ్రైస్ హార్పర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి ఫీల్డర్ చేతిలో పడింది, హార్పర్ పరుగు అంతంతమాత్రం. డగౌట్ మెట్ల దగ్గర అదే జట్టు పిచర్, అంటే బంతి విసిరేవాడు, జొనాథన్ పేపల్‌బాన్ ఏదో అన్నాడు, హార్పర్ తిరిగి ఏదో అన్నాడు, అంతే, పేపల్‌బాన్ చెయ్యి హార్పర్ గొంతు మీద. గొంతు పట్టి బెంచీ మీదికి తోశాడు. మిగతావాళ్లు ఈడ్చి విడదీశారు. టీవీ కెమెరాలు ఇదంతా పట్టేశాయి. ఇక్కడ కాస్త ఆగి చూడండి. గొంతు పట్టినవాడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బంతి వెయ్యడానికి మైదానంలోకి వెళ్లాడు, గొంతు పట్టించుకున్నవాడు ఆట నుంచి బయటికెళ్లాడు. ఫిలడెల్ఫియా 12-5తో గెలిచింది.

ఆ పేపల్‌బాన్ జట్టులోకి వచ్చి అప్పటికి రెండు నెలలు. నాలుగు రోజుల ముందు బాల్టిమోర్ ఆటగాడు మానీ మచాడో హోమ్ రన్ కొట్టాడని అతని మీదికే బంతి విసిరి, మైదానంలోంచి గెంటించుకున్నాడు, దానికి మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ కూడా పడింది. అంటే జట్టు కోసం ఒళ్లు దగ్గర పెట్టుకోమని పక్కవాడికి చెప్పినవాడు తన కోపం దగ్గర పెట్టుకోలేకపోయినవాడు. హార్పర్ అవతల ఆ ఏడాది 42 హోమ్ రన్లు కొట్టి, ఒక్క ఓటు కూడా చీలకుండా లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. పేపల్‌బాన్‌ని క్లబ్ నాలుగు మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది, మేనేజర్ మ్యాట్ విలియమ్స్ ఉద్యోగం అక్టోబరు 5న పోయింది. ఆ గొడవను పాతకాలపు క్రమశిక్షణ అని మెచ్చుకున్న వాళ్లు అప్పుడూ ఉన్నారు. మాకైతే అది క్రమశిక్షణలా కనబడలేదు, పనిచోట కొట్లాటలా కనబడింది. ఏ ఆఫీసులోనైనా మెడ మీద చెయ్యి వేస్తే పోలీసులను పిలుస్తారు.

మచాడో పేరు వచ్చింది కాబట్టి అతని కథా చెప్పుకోవాలి, ఎందుకంటే అది అనుకున్న దారిలో నడవదు. 2018 ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్ తరఫున మిల్వాకీ మీద ఆడుతూ ఫస్ట్ బేస్‌కి సరిగ్గా పరిగెత్తలేదని అతన్ని అందరూ తిట్టారు. అడిగితే దాపరికం లేకుండా, ప్రతిదానికీ పడిలేచి పరిగెత్తే రకం కాదు నేను, అది నా స్వభావం కాదు అనేశాడు. ఆటగాళ్లలో అంత తెగింపుగా నిజం చెప్పేవాళ్లు తక్కువ, అంత తెలివితక్కువగా చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. నాలుగు నెలలు తిరిగేసరికి శాన్ డియేగో పాడ్రేస్ అతనికి పదేళ్లకు 30 కోట్ల డాలర్లు ఇచ్చింది, మార్కెట్‌కి ఈ పరుగు గొడవ ఏమాత్రం పట్టలేదన్నమాట. సరే, 2021 సెప్టెంబరు 18కి రండి. సెయింట్ లూయిస్‌లో మ్యాచ్, పాడ్రేస్ కుప్పకూలుతున్న రోజులు. 22 ఏళ్ల ఫెర్నాండో టాటిస్ జూనియర్ స్ట్రైకవుట్ అయ్యి, అంటే బంతి కొట్టకుండానే అవుటై, అంపైర్ నిర్ణయం మీద అలిగి డగౌట్‌లో రుసరుసలాడుతున్నాడు. మచాడో అతని ముఖం మీదికి వెళ్లి, బూతులు కలిపి, ఇది నీ గురించి కాదు, వెళ్లి ఆట ఆడు అని అరిచాడు.

ఆ అరుపు అందరి ముందూ జరిగింది, కెమెరాలో పడింది, అంత బాగా లేదు కూడా. అయినా మేం దీన్ని పేపల్‌బాన్ పక్కన పెట్టం. అప్పటికి మచాడో ఆ జట్టులో మూడో ఏడు ఆడుతున్నాడు, టాటిస్‌తో రోజూ పక్కపక్కనే నిలబడుతున్నాడు, చెయ్యి చేసుకోలేదు. పైగా, నా స్వభావం కాదు అన్నప్పుడు తగిలిన తిట్లు ఎలా ఉంటాయో తెలిసినవాడు. పాడ్రేస్ ఆ ఏడాది 79 గెలిచి 83 ఓడింది, కాబట్టి ఒక్క అరుపుతో జట్టు బాగుపడిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అరుపులు లేకుండా ఈ పని చేసినవాళ్లూ ఉన్నారు. 1960ల్లో బాల్టిమోర్ ఓరియోల్స్ క్లబ్‌హౌస్‌లో ఫ్రాంక్ రాబిన్సన్ ఉత్తుత్తి కోర్టు పెట్టేవాడు. నేల తుడిచే గుడ్డల కుచ్చును విగ్గులా నెత్తిన పెట్టుకుని జడ్జిగా కూర్చుని, బేస్‌ల మధ్య తెలివితక్కువగా పరిగెత్తినవాడికీ, పెట్టాల్సిన శ్రద్ధ పెట్టనివాడికీ చిల్లర జరిమానాలు వేసేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు, జరిమానా కట్టేవాళ్లు, తప్పు గుర్తుండిపోయేది. ఆ జడ్జి ఎవరు, 1966లో బ్యాటింగ్‌లో ట్రిపుల్ క్రౌన్ కొట్టినవాడు, అంటే మూడు ముఖ్యమైన లెక్కల్లోనూ లీగ్‌లో మొదటివాడు, జట్టులో అందరికన్నా కసిగా బేస్‌ల మీదికి దూకేవాడు. అందుకే ఆ విగ్గు చెల్లింది. ఇంకెవరైనా పెట్టుకుంటే కోతి వేషంలా ఉండేది.

నిషేధాలతో ఈ క్రమశిక్షణ వస్తుందనుకోవడం ఇంకో భ్రమ. 2011 సెప్టెంబరులో బోస్టన్ రెడ్ సాక్స్ 7 గెలిచి 20 ఓడి, చేతిలో ఉన్న ప్లేఆఫ్స్ బెర్తు చేజార్చుకుంది. తమ వంతు లేని రోజుల్లో స్టార్టింగ్ పిచర్లు క్లబ్‌హౌస్‌లో కూర్చుని చికెన్ తింటూ బీరు తాగుతూ వీడియో గేమ్స్ ఆడారని తర్వాత బయటపడింది. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన బాబీ వాలెంటైన్ క్లబ్‌హౌస్‌లో మందు బంద్ చేశాడు. ఫలితం 2012లో 69 గెలుపులు, 93 ఓటములు, ఆఖరి స్థానం. 2013లో మరో మేనేజర్ కింద అదే జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది, గెలిపించిన పిచర్లలో జాన్ లెస్టర్, జాన్ లాకీ ఉన్నారు, ఆ చికెన్ బ్యాచ్‌లో వినబడిన పేర్లే.

ఇక కష్టపడటం ఉంటే చాలు, జవాబుదారీతనం దానంతటదే వస్తుందనేవాళ్లు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని చూడాలి. 2017లో వాళ్లు చాలా కష్టపడ్డారు. ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి చెబుతూ అవతలి క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చునేవాడు, చేసే వేళ్ల సైగలను కెమెరాలో చూసి, చెత్తడబ్బా మీద కొట్టి బ్యాటర్‌కి కబురందించడంలోనూ అంతే కష్టపడ్డారు. మేనేజర్ ఏజే హించ్‌కి అది నచ్చలేదట, ఆ మానిటర్‌ని రెండు సార్లు పగలగొట్టాడట, కానీ ఆపండి అని మాత్రం నోరు తెరిచి అనలేదు. 2020 జనవరిలో లీగ్ విచారణ నివేదిక వచ్చినప్పుడు అతన్ని ఏడాది సస్పెండ్ చేశారు, క్లబ్‌కి 50 లక్షల డాలర్ల జరిమానా వేశారు, ఆటగాళ్లలో ఒక్కరికీ శిక్ష లేదు. టీవీ పగలగొట్టినంత తేలిక కాదు కదా మరి, ఎదురుగా కూర్చున్న స్టార్‌కి వద్దు అని చెప్పడం.

మళ్లీ అట్లాంటా. కెలెనిక్‌ని ఆ నెలాఖరుకే కింది స్థాయి మైనర్ లీగ్‌కి పంపారు. స్నిట్కర్ 2025 సీజన్ తర్వాత మేనేజర్ పదవి వదిలాడు. మంచి మనిషి, దాదాపు 50 ఏళ్లు ఆ ఒక్క సంస్థలోనే పనిచేసి, 2021లో వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టినవాడు. ఆ తెంపరి ఎదురుప్రశ్న ఆయన స్థాయికి తగింది కాదు. అకున్యా ఇంకా అక్కడే ఉన్నాడు, 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టోలెన్ బేస్‌లతో (పిచర్ బంతి విసిరేలోపు తర్వాతి బేస్‌కి దూసుకుపోవడం) ఎవరూ చెయ్యని ఫీటు చేసినవాడు, పరిగెత్తడం రాదని ఇప్పుడతన్ని ఎవరూ అనలేరు. స్నిట్కర్ కుర్చీ వాల్ట్ వైస్‌కి ఇచ్చారు. 2019 ఆగస్టులోనూ, 2025 ఏప్రిల్‌లోనూ ఆ జట్టు బెంచ్ కోచ్, అంటే మేనేజర్‌కి కుడిభుజం, ఆయనే.