కంటి తేమ 8 శాతం మించరాదు

పత్తి కొనుగోలు కేంద్రంలో ఒక చక్కని పద్ధతి ఉంది. ట్రాలీ వచ్చి ఆగగానే మీటరు పట్టుకుని ఒకాయన వస్తాడు, పత్తిలోకి గుచ్చుతాడు, అంకె చదువుతాడు. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. అక్కడి నుంచి 12 దాకా శాతానికింత అని కోత. 12 దాటిందా, వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. ఆ పత్తి ఏ వానలో తడిసింది, కూలీలు ఏ రోజు రాలేదు, కప్పిన పరదా ఎక్కడ చిరిగింది వంటి ఇంటి విషయాలు మీటరుకు అక్కర్లేదు. ఇంతటి నిర్మోహమైన యంత్రం మన జిల్లాలో ఏళ్ల తరబడి పనిచేస్తుంటే, అమెరికాలో కోట్ల డాలర్లు తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల కళ్లకు ఇంతవరకూ ఎవరూ దాన్ని పెట్టి చూడకపోవడం నాకు అమితమైన బాధ కలిగిస్తోంది. (బాధ అన్నాను గానీ, 8 శాతం లోపే.)

ఈ లోటును మేం గుర్తించాం. మేం అంటే, హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే నడిచి, నడిచినదానికి రెట్టింపు సేపు గేటు బయట టీ బండి దగ్గర కూర్చునే అయిదుగురం. మాలో ఎవరూ బంతిని రింగులో వేసిన పాపాన పోలేదు. ఒకరు మాత్రం కాలేజీ రోజుల్లో ఒకసారి వేశానంటారు, సాక్షులు లేరు. మా సంఘానికి పెద్ద, సేటు గారు. ఎనుమాముల మార్కెట్‌లో చిరకాలం అడ్తి నడిపి, మీటరు లేకుండానే గుప్పెడు పత్తి నలిపి తేమ చెప్పగలిగిన మనిషి. ఇలాంటి వేళ్లున్న వ్యక్తి మనుషుల మనసుల గురించి తీర్పు చెబితే కాదనేది ఎవరు?

బాస్కెట్‌బాల్ మా బెంచీ మీదికి డల్లాస్ నుంచి వచ్చింది. సేటు గారి అబ్బాయి అక్కడే ఉంటాడు. వాళ్లకు రాత్రి ఆట మొదలయ్యే సమయానికి మనకు నడక వేళ. "బాపూ, ఇవ్వాళ మావరిక్స్ ఆట ఉంది, చూడు" అని అబ్బాయి ఫోను చేస్తాడు. మావరిక్స్ అంటే డల్లాస్ జట్టు. సేటు గారు ఫోనును టీ బండి మీది బిస్కెట్ల సీసాకు ఆనించి పెడతారు. ఎన్‌బీఏ అనే ఆ లీగ్‌లో జట్టుకు 82 ఆటలు ఆడి, అందులో నెగ్గుకొచ్చిన జట్లు ప్లేఆఫ్స్‌కు చేరి, అక్కడ ఏడింటిలో నాలుగు ఎవరు ముందు గెలిస్తే వారు పైకి. ఇంతవరకు మాకు వారంలోనే వచ్చేసింది. విమర్శించడం అంతకు ముందే వచ్చు.

ఆ ఉదయం ఇంకా కళ్ల ముందే ఉంది. 2024 జూన్ 13, మన లెక్కన. బోస్టన్‌తో ఫైనల్స్, మూడో ఆట. ఆ సీజన్‌లో లీగంతటిలోకీ సగటున ఎక్కువ పాయింట్లు చేసిన లూకా డాన్చిచ్ డల్లాస్ తరఫున ఆడుతున్నాడు. రిఫరీలతో వాదులాట అతనికి పాత అలవాటే. ఆ రోజు అది మరీ ముదిరింది. ఇంకా 4 నిమిషాల 12 సెకన్లు మిగిలి ఉండగానే ఆరో ఫౌల్ పడింది, ఆరు పడితే ఇక ఆడకూడదు గనుక ఆట నుంచి బయటికి వచ్చేశాడు. డల్లాస్ 99, బోస్టన్ 106. చివరికి సిరీస్ కూడా 4-1తో పోయింది. టీ బండి దగ్గర కాసేపు నిశ్శబ్దం. తర్వాత సేటు గారు చెప్పిన మాట మా సంఘం తీర్మానాల పుస్తకంలో మొదటి పేజీలో ఉంది: "సరుకు మంచిదే. తేమ ఎక్కువ."

అప్పటి నుంచి మేం ఎవరినీ వదల్లేదు. వెనకటి లెక్కలు కూడా తిరగతోడాం. 2019 మే 12న టొరంటోలో ఏడో ఆట. ఆఖరి క్షణంలో టొరంటో ఆటగాడు కవాయ్ లెనార్డ్ వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి, తీరిగ్గా ఆలోచించుకుని లోపల పడింది. 92-90. ఓడిన ఫిలడెల్ఫియా జట్టు నుంచి ఏడడుగుల జోయెల్ ఎంబీడ్ ఏడుస్తూ లోపలికి వెళ్లాడు. ఏడడుగుల మనిషికి కన్నీరు కింద పడటానికి ఎంత సమయం పడుతుందో ప్రొఫెసరు గారు టీ కప్పు వెనక లెక్క వేశారు. (ఈయన ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. విశ్రాంతి మాకు లేదు.) సేటు గారు మాత్రం చూడగానే, "పద్నాలుగు ఉంటుంది, బండి వెనక్కి" అన్నారు.

మరి ఏం చేయాలి? మా సమాధానం స్పష్టం. ఏడవాలన్నా కోపగించుకోవాలన్నా కెమెరాలు లేని గదిలోకి పోవాలి. ఈ సూత్రాన్ని మాకంటే ముందే పాటించినవాడు ఒకడున్నాడు, లెబ్రాన్ జేమ్స్. 2018 ఫైనల్స్ మొదటి ఆటలో సహచరుడు బంతి చేతికొచ్చినా రింగులో వేయకుండా సమయం అయిపోనివ్వడం వల్ల చేతికందిన ఆట అదనపు సమయానికి వెళ్లి చేజారింది. ఆయన కోర్టులో చేతులు చాచడంతో సరిపెట్టుకున్నాడు. లోపలికి పోయి గదిలోని రాత బోర్డును గుద్దాడు. కుడి చెయ్యి దెబ్బతింది. మిగతా మూడు ఆటలూ ఆ చేత్తోనే ఆడి, మూడూ ఓడి, సిరీస్ 4-0తో ముగిశాక గానీ ఆ సంగతి లోకానికి చెప్పలేదు. చూశారా, మా సూత్రం ఎంత బాగా పనిచేసిందో! తేమ ఒక్క చుక్క బయట పడలేదు. చెయ్యి సంగతంటారా, మీటరులో చేతికి గడి లేదు.

ప్రేక్షకులు కూడా ఆటగాళ్లకు మనోనిబ్బరం నేర్పాలనేది మా రెండో ప్రతిపాదన. ఇందులో అమెరికన్లు మాకంటే ముందున్నారని ఒప్పుకోక తప్పదు. 2021 ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ ఆటగాడు యానిస్ అడెటోకూంబో ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే బంతి) వేయడానికి నిలబడితే చాలు, ఎదుటి ఊరి జనమంతా ఒకటి, రెండు, మూడు అని గొంతెత్తి లెక్కపెట్టేవారు. అక్కడ నియమం 10 సెకన్లు. ఆయనకు అంతకంటే ఎక్కువే పట్టేది. ఇరవై వేల మంది చెవిలో అంకెలు చదువుతుంటే మనిషికి ప్రశాంతత రాక ఏమవుతుంది? ఆ జూలై 20న ఫైనల్స్ ఆరో ఆటలో 19 ఫ్రీ త్రోలకు 17 వేశాడు, మొత్తం 50 పాయింట్లు, మిల్వాకీకి 50 ఏళ్ల తర్వాత టైటిల్. అది సొంత ఊరి ఆట, ఆ రోజు అరిచి లెక్కపెట్టినవారు లేరు అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడును పుస్తకంలోకి ఎక్కించలేదు.

తిరుగుబాటు ప్రొఫెసరు గారి నుంచి వచ్చింది. ఒక ఆదివారం ఆయన ఉన్నట్టుండి రామప్ప గుడి ప్రస్తావన తెచ్చారు. 1213లో కట్టిన ఆ గుడి పునాది కింద కాకతీయుల స్థపతులు ఇసుక నింపారని, భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుందని, కొంత కదలనిచ్చారు గనుకనే ఎనిమిది వందల ఏళ్లు నిలిచిందని, మనిషి కూడా అంతేనేమో అని. సేటు గారు చివరిదాకా విని, "సారూ, రామప్ప ఏనాడైనా రిఫరీని తిట్టిందా?" అన్నారు. ఓటింగుకు పెట్టాం. నాలుగు ఒకటితో రామప్ప ఓడింది.

కానీ లూకా మళ్లీ మా లెక్కలు పాడుచేశాడు. 2025 ఫిబ్రవరి మొదట్లో డల్లాస్ వాళ్లు అతన్ని లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌కు ఇచ్చేశారు. సేటు గారి అబ్బాయి రెండు రోజులు ఫోను ఎత్తలేదు. (కొడుకు తేమను సేటు గారు కొలవలేదు. అది కుటుంబ వ్యవహారం.) ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కా వేసుకుని పాత ఊరికి ఆడటానికి వచ్చాడు. ఆట మొదలు కాకముందు అతని జ్ఞాపకాల వీడియో వేశారు. బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మీటరు పెట్టి ఉంటే ముల్లు విరిగేది. సేటు గారు ట్రాలీని అప్పుడే వెనక్కి తిప్పించేశారు. తర్వాత అతను లేచి వెళ్లి 45 పాయింట్లు చేశాడు, లేకర్స్ 112-97తో గెలిచింది. తడిసిన పత్తికి కాంటాలో బరువు ఎక్కువే తూగుతుంది గదా అని సేటు గారు సర్దిచెప్పారు. మేం తలలూపాం. తలలూపడానికి మాకు కోరం సరిపోతుంది.

మా సొంత నిగ్రహం ఎంతటిదో కూడా రికార్డు కోసం చెప్పాలి. 2023 నవంబర్ 19 రాత్రి, అహ్మదాబాద్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ మనం ఆస్ట్రేలియా చేతిలో ఓడిన రాత్రి, మేం అయిదుగురం పరకాల దగ్గర ఒక పెళ్లిలో ఉన్నాం. ఎవరం ఏడవలేదు. ఒకరు వధూవరుల మీద అక్షింతలు వేయడం మరిచి జేబులో పోసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. నేను కవరు మీద పేరు రాయకుండా ఇచ్చి వచ్చాను. సేటు గారు మటన్‌లో ముక్కలు తక్కువ పడ్డాయని వడ్డించే కుర్రాడితో ముప్పావు గంట వాదించారు. ఆయన ఆ రోజు ఉపవాసం.

ఇక గత నెల సంగతితో ముగిస్తాను. సేటు గారి మనవరాలు తొమ్మిదో తరగతి, పాఠశాల జట్టులో ఆడుతుంది. జోనల్ పోటీల సెమీఫైనల్ చూడటానికి సంఘం యావత్తూ తరలివెళ్లాం. ఒక్క పాయింటు వెనకబడి ఉండగా ఆ అమ్మాయికి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. ఇక్కడ అంతర్జాతీయ నియమం, అయిదు సెకన్లే. గోడ అవతలి నుంచి ఎదుటి బడి పిల్లలు ఒకటి, రెండు అని మొదలుపెట్టారు. మొదటిది రింగు అంచుకు తగిలి బయటికి పోయింది. రెండోది అదీ లేదు. ఆట అయిపోయింది. ఆ అమ్మాయి మోకాళ్లలో తల పెట్టుకుని గీత దగ్గరే కూర్చుండిపోయింది.

సేటు గారు కోర్టులోకి ఎలా వెళ్లారో మాకు కనపడలేదు. కనపడేసరికి రిఫరీగా ఉన్న పీఈటీ సారు విజిల్ తాడు ఆయన పిడికిట్లో ఉంది. "అవతల పిల్లలు అరుస్తుంటే మీరు చెవుల్లో దూది పెట్టుకున్నారా?" అంటున్నారు. పత్తితో జీవితం గడిపిన మనిషికి ఉపమానం కూడా పత్తిలోనే వచ్చింది. పీఈటీ సారు తాడు విడిపించుకుని, మర్యాదగానే, గేటు వైపు చూపించారు. బయట వేపచెట్టు కింద ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ ఉంటే, మనవరాలు నీళ్ల సీసా తీసుకుని వచ్చి, "తాతా, పోదాం పద" అంది. ఆమె కళ్లు అప్పటికే ఆరిపోయాయి.

మర్నాడు టీ బండి దగ్గర సేటు గారు తీర్మానాల పుస్తకం తెరిపించి సవరణ చెప్పారు. "తాతలకు 16 శాతం వరకు సడలింపు. కోత లేదు." అయిదుగురం ఏకగ్రీవంగా ఆమోదించాం. ప్రొఫెసరు గారు రామప్ప మాట ఎత్తకుండా సంతకం పెట్టారు. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన చాలా సేపటి నుంచి మా మాటలు వింటున్నాడు. గీసుకొండ వైపు రైతు, మార్కెట్ పని మీద వచ్చినట్టుంది. ఏటా వానలకు పత్తి తడిసినప్పుడల్లా తేమ నిబంధన సడలించమని అడిగేవాళ్లలో ఒకడు. గ్లాసు బండి మీద పెట్టి, పుస్తకం వైపు తొంగి చూశాడు.

"సారూ, పెన్ను చేతిలోనే ఉంది గదా. మా పత్తికి కూడా ఒక వరుస రాయండి."