తాడు లాగి లాగి భుజం పోయింది

చవగ్గా వస్తోందని పాత పారామోటార్ కొన్నాను, అదే, వీపుకి తగిలించుకుని పారాచూట్ లాంటి రెక్కతో ఎగిరే ఫ్యాన్ ఇంజన్. ఇంతవరకూ ఎగిరింది లేదు, స్టార్టర్ తాడు లాగి లాగి భుజం మాత్రం పోయింది. ప్లగ్ మార్చాను. పెట్రోల్ పైపు మార్చాను. చివరికి కార్బొరేటర్ విప్పితే లోపలి డయాఫ్రం ఎండిన అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, వేలితో నొక్కితే కరకరమంది! మెత్తగా ఊగాల్సిన పొర అది, ఊగితేనే ఇంజన్‌కి పెట్రోల్ అందుతుంది. కొత్త కిట్ వేశాక స్టార్టయింది, వీధంతా పొగ. పట్టుమని పది నిమిషాలు తిరక్కుండానే వేడెక్కి ఆగిపోయింది. ఇంకెక్కడో గాలి లాగుతోందట, ఖర్మ. 5 లీటర్ల పెట్రోల్‌కు 100 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ కొలిచి పోసేదీ నేనే, ఇంట్లో తిట్లు తినేదీ నేనే. పక్కింటాయనైతే రోజూ గోడ మీంచి ఒకటే ఆరా: "ఇంతకీ ఇది ఎగిరేదాండీ, దోమలకి పొగ కొట్టేదా?"