"బండి లేదేటమ్మా?"

మొన్న శని, ఆదివారాలు పిన్నీ నేనూ భీమిలిలో నడిచాం. అంతే, ఇంకో పని పెట్టుకోలేదు. మార్చి కదా, పొద్దున తొమ్మిదింటి దాకా గాలి బాగానే ఉంటోంది. కానీ ఎక్కడ కనబడినా జనం అడిగేది ఒకటే. "బండి లేదేటమ్మా?" ఒక ఆటో అబ్బాయైతే మా పక్కపక్కనే కాసేపు మెల్లగా నడిపి, మేం ఎక్కకపోయేసరికి జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

విశాఖ వాళ్ళకి భీమిలి అంటే బీచ్ రోడ్డు డ్రైవే. రుషికొండ దాటాక పాటల సౌండు పెంచడం, లైట్‌హౌస్ దగ్గర ఫొటో, ఓ ప్లేటు బజ్జీలు, వెనక్కి. భీమిలి చూసొచ్చాం అంటారు. ఏం చూశారండీ? 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది! డచ్చివాళ్ళ సమాధుల్లో పిన్ని ఒక రాతి పలక మీద దుమ్ము కొంగుతో తుడిచి, అక్షరాల గాడిలో వేలు పెట్టి రాసింది, పలక మీద ఓనమాలు దిద్దినట్టు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పావుగంట కదల్లేదు. కారు హారన్ కొట్టేవాళ్ళు వెంట ఉంటే ఇది జరిగేదా?

పావురాళ్ళకొండ కూడా అంతే. నరసింహస్వామి గుడి దాకా వచ్చి దిగిపోతారు. ఇంకాస్త పైకెక్కితే బౌద్ధ భిక్షువులు వాననీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి. అక్కణ్ణుంచి చూస్తే గోస్తని పీలగా వచ్చి సముద్రంలో కలుస్తూ కనిపిస్తుంది. బొర్రా గుహల దగ్గర చూసిన ఏరు ఇదేనంటే పిన్ని నమ్మలేదు.

నాకు ఒళ్ళు మండింది మాత్రం ఇసుక మీద. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్ర తాబేళ్ళు ఈ తీరంలోనే గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, వెలుతురు ఎటుంటే అటే సముద్రం అనుకుని పాకుతాయి. మనవాళ్ళేమో సరిగ్గా అక్కడే కార్లు ఇసుకలోకి దింపి, హెడ్‌లైట్లు వేసి పుట్టినరోజు కేకు కోస్తారు! ఎర్రమట్టి దిబ్బల్లో ఇంకో రకం. వేల ఏళ్ళ నాటి దిబ్బలు, చేత్తో గీకితే రాలిపోతాయి. వాటి మీద పెళ్ళి ఫొటోల కోసం ఎక్కి దూకడం, గోడల మీద పేర్లు చెక్కడం. గుండె గుర్తు లేకుండా ఒక్క పేరూ లేదు, అదొకటి.

నడిచేవాళ్ళకి ఏమైనా ఉందా అంటే, ఉన్న కాస్త ఫుట్‌పాత్ మీదా బళ్ళే. నీడకి చెట్టు లేదు. ఆదివారం పదిన్నరకి పిన్ని మొహం కందిపోయింది. చివరికి ఆ ఆటో అబ్బాయినే కేకేయాల్సొచ్చింది.

"నిన్ననే సెప్పినాను కదమ్మా" అన్నాడు, సీటు మీద ఇసుక దులుపుతూ.